ఆరు ఛానెళ్ల రిమోట్‌తో నాలుగేళ్లు

నా బుల్లి మోడల్ విమానాలు ఎగరేయడానికి నాలుగేళ్లుగా ఒకటే రిమోట్ వాడుతున్నాను. ఆరు ఛానెళ్లది (ఒక్కో ఛానెల్ ఒక్కో కదలికని అదుపు చేస్తుంది), 2.4 గిగాహెర్ట్జ్ రేడియోది. కొనేముందు వారం రోజులు తేల్చుకోలేకపోయాను: నాలుగు చాలవా, ఆరు దండగేమో అని.

పేర్లు లెక్కేస్తే నాలుగు చాలు. థ్రాటిల్ (మోటార్ వేగం), ఐలరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క వెనకంచు పలక), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పేది), రడ్డర్ (ముక్కుని కుడికీ ఎడమకీ తిప్పేది). నా మొదటి విమానానికైతే ఐలరాన్లే లేవు. రెక్కల కొసలు పైకి లేచి ఉండటంతో రడ్డర్ తిప్పితే చాలు, తనే ఒరిగి మళ్లేది. మూడు ఛానెళ్లతో హాయిగా ఎగిరింది.

ఆరు విలువ రెండో విమానంతో తెలిసింది. రెండు ఐలరాన్ సర్వోలనూ (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) ఒకటి రెండుగా చీలే వై-కేబుల్‌తో ఒకే ఛానెల్‌కి కలిపాను. స్టిక్ కుడికి నొక్కితే రెక్క కుడికే ఒరిగేది, ముక్కు మాత్రం ముందు కాస్త ఎడమకి జరిగేది. ఐలరాన్ కిందికి దిగిన రెక్కని గాలి ఎక్కువ వెనక్కి లాగుతుంది, అదీ కారణం. వై-కేబుల్ తీసేసి, రెండో సర్వోని ఆరో ఛానెల్‌కి ఇచ్చి, ఐలరాన్ పైకి లేచినంతలో సగమే కిందికి దిగేలా డిఫరెన్షియల్ పెట్టాను. మర్నాడు అదే విమానం గీత గీసినట్టు మలుపు తిరిగింది. సర్వో ఆర్మ్‌ని (దానికుండే చిన్న చేయిని) వాల్చి బిగిస్తే వై-కేబుల్‌తోనూ ఇది కొంత సాధ్యమే, కానీ సర్దాల్సి వచ్చినప్పుడల్లా స్క్రూ విప్పాలి.

అందుకే కొత్తగా కొనేవాళ్లకి చెప్పేది: పేర్లు కాదు, మోటార్‌తో కలిపి సర్వోలు లెక్కపెట్టండి. నా మోటార్ గ్లైడర్‌కి ఐలరాన్లకి రెండు, ఫ్లాప్స్‌కి (దిగేటప్పుడు వేగం తగ్గించే రెక్క పలకలు) రెండు, ఎలివేటర్, రడ్డర్, మోటార్, మొత్తం ఏడు. ఆరులో ఇరికించాలని ఫ్లాప్స్ రెండూ వై-కేబుల్‌కి కలిపాను. బల్ల మీద స్విచ్ వేసి చూస్తే ఎడమ ఫ్లాప్ కిందికి దిగింది, కుడిది పైకి లేచింది! సర్వోలు ఎదురెదురుగా బిగించి ఉన్నాయి మరి. ఐలరాన్లకి కావాల్సింది ఆ తీరే, ఫ్లాప్స్‌కి మాత్రం ప్రాణాంతకం. గాల్లో అలా జరిగితే గ్లైడర్ తిరగబడి నేలకి కొట్టుకునేది. ఒక సర్వోని ఎదురు దిశలో తిప్పే చిన్న రివర్సర్ తగిలించాక ఎగిరింది గానీ, రెండు ఫ్లాప్స్ మధ్య రెండు మిల్లీమీటర్ల తేడా ఉండిపోయింది. ఫ్లాప్స్ దించగానే గ్లైడర్ ఎడమకి లాగుతుంది.

డ్రోన్ ఆలోచన ఉన్నా ఆరుకి తగ్గొద్దు. నాలుగు ఛానెళ్లు స్టిక్‌లకే పోతాయి, ఆర్మింగ్‌కి (మోటార్లని తిరగడానికి సిద్ధం చేయడానికి) ఒక స్విచ్, మోడ్‌కి (ఎగిరే తీరు మార్చడానికి) ఇంకోటి కావాలి.

ఛానెళ్లతో పాటు మిక్సింగ్ (ఛానెళ్లని కలిపి నడిపే ఏర్పాటు), మోడల్ మెమరీ (ఒక్కో విమానం సెట్టింగ్‌లు విడిగా దాచుకునేది) ఉన్నాయో లేదో చూడండి. తోక లేని ఫ్లయింగ్ వింగ్‌కి మూడు ఛానెళ్లే చాలు, కానీ ఎలివాన్ మిక్సింగ్ (ఒకే పలకలతో ఎలివేటర్, ఐలరాన్ రెండు పనులూ చేయించడం) లేకపోతే ఎగరదు. సిగ్నల్ పోతే మోటార్ ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవడం మరవద్దు.

గ్లైడర్ కోసం ఎనిమిది ఛానెళ్లది తీసుకుంటున్నాను. మిగతావన్నీ ఈ రిమోట్‌తోనే ఎగురుతాయి.