ఎముకలు తారులో, బొగ్గు చెరువు అడుగున

లాస్ ఏంజెలెస్ వెళ్లినవాళ్లు హాలీవుడ్ అక్షరాలతో ఫొటో దిగి వచ్చేస్తుంటారు. వీలైతే విల్‌షైర్ బులెవార్డ్ పక్కనున్న లా బ్రేయా తారు గుంటలకూ ఒక పూట కేటాయించండి. నగరం నడిబొడ్డున, పార్కు గడ్డిలోంచి తారు నేటికీ ఊరుతోంది. నల్లటి మడుగులో మీథేన్ బుడగలు ఉబ్బి, నూనె రంగులు తేలి, పగిలిపోతుంటాయి. ఎండాకాలం రోడ్డు వేస్తున్న చోట వచ్చే వాసన.

పార్కు ఉచితం, మ్యూజియానికి టికెట్. పార్కింగ్ రుసుము మాత్రం చురుక్కుమంటుంది. లోపల ఒక గోడ నిండా 404 డయర్ వుల్ఫ్ (అంతరించిపోయిన ఓ పెద్ద తోడేలు జాతి) పుర్రెలు పేర్చారు. అద్దాల ప్రయోగశాలలో చిన్న బ్రష్షుతో తారు వదిలిస్తుంటే గోధుమరంగు ఎముక బయటపడుతుంది. నేను అక్కడి నుంచి కదలలేకపోయాను.

ఒకప్పుడు ఇక్కడ తిరిగి, ఈ తారులో చిక్కుకుపోయిన కత్తికోరల పులులు, ఒంటెలు, గుర్రాల జాతులు ఏమయ్యాయి? 2023లో వెలువడిన పరిశోధన ప్రకారం 12,900 ఏళ్ల క్రితానికే అవి ఇక్కడ కనుమరుగయ్యాయి. పరిశోధకులు పరిశీలించిన ఎనిమిది జాతుల్లో మిగిలింది కయోటీ అనే చిన్న తోడేలు లాంటి జంతువు ఒక్కటే. వేడెక్కిన వాతావరణం, కరువులు, వాటికి తోడు పెరుగుతున్న మనుషులు రాజేసిన నిప్పు కలిసి ఓక్, జునిపర్ వనాలను పొదల అడవిగా మార్చేశాయని పరిశోధకుల వాదన. ఆ నిప్పుకు ఆధారం మాత్రం ఇక్కడ లేదు. ఆగ్నేయంగా వంద కిలోమీటర్లు దాటాక వచ్చే ఎల్సినోర్ చెరువు బురదలో ఉంది. సుమారు 13,200 ఏళ్ల నాటి పొరల నుంచి బొగ్గు రేణువులు దాదాపు 30 రెట్లు పెరిగాయట.

చెరువు దగ్గర ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనబడలేదు. వేసవిలో నీళ్లు పచ్చగా నాచుపట్టి, దిగనివ్వని రోజులూ ఉంటాయి. పైనున్న కొండలు 2018లో హోలీ ఫైర్ అనే కార్చిచ్చులో కాలినవే. ఆ సంగతి తెలిసి చూస్తే పాత కథ పుస్తకాలది అనిపించదు. నేను దిగిన మోటెల్ చవకే, కానీ ఏసీ మోతకు నిద్ర పట్టలేదు. బస నగరంలోనే పెట్టుకోండి. దారిలో ఆర్టీసియాలోని పయనీర్ బులెవార్డ్‌లో ఇడ్లీ, దోసె దొరుకుతాయి. శుక్రవారం సాయంత్రం మాత్రం బయలుదేరకండి, ఫ్రీవే మీదే పొద్దుపోతుంది. పిల్లలుంటే చెరువు వదిలేసి, ఆ సమయం కూడా మ్యూజియంకే ఇవ్వడం మేలు.