అప్పీలు తేలేలోగా కాంట్రాక్టరు ఆస్తి చేజారకుండా ఏది మేలు: ఇంజంక్షనా, జప్తా, డిపాజిట్టా?

ఇల్లు కట్టిస్తానని అడ్వాన్సు తీసుకుని, పునాది దగ్గరే పని వదిలేసి, దొంగ బిల్లులు చూపి మిగతా సొమ్ము కూడా రాబట్టుకున్న కాంట్రాక్టరు మీద కర్నూలు కోర్టులో డిక్రీ (సొమ్ము చెల్లించాలన్న కోర్టు ఉత్తర్వు) తెచ్చుకోవడం ఒక ఎత్తు, అతడు అమరావతిలోని హైకోర్టుకు అప్పీలు వెళ్లాక ఆ డబ్బు వసూలు చేసుకోవడం మరొక ఎత్తు. ఈలోగా కల్లూరులో అతడికున్న ఇంటిస్థలం బావమరిది పేరు మీదికి మారిపోతే, ఉద్యోగ విరమణ సొమ్మంతా పోసిన మనిషి చేతిలో డిక్రీ కాగితం ఒక్కటే మిగులుతుంది. కేసు నడుస్తున్న ఆస్తిని ఎవరూ అమ్మలేరని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ఇచ్చే ఆ రక్షణ, ఆస్తి హక్కే వివాదంలో ఉన్న దావాలకు వర్తిస్తుంది గాని, సొమ్ము దావాకు వర్తించదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 39 కింద వచ్చే ఇంజంక్షన్, అంటే కోర్టు నిషేధాజ్ఞ, మనిషిని కట్టేస్తుంది. అప్పులవాళ్లను మోసగించే ఉద్దేశంతో ఆస్తి అమ్మబోతున్నాడని చూపిస్తే కోర్టు వద్దని ఆదేశిస్తుంది, మీరితే రూల్ 2ఏ కింద ఆస్తి జప్తు, మూడు నెలలకు మించని సివిల్ జైలు ఉంటాయి. అయితే జరిగిపోయిన అమ్మకం చెల్లదన్న మాట ఆ రూల్‌లో లేదు.

జప్తు ఆస్తినే పట్టుకుంటుంది. కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అమీనా స్థలం దగ్గరికి వచ్చి, దండోరా వేయించి, అందరికీ కనబడేచోట ఉత్తర్వు అంటించి, మరో ప్రతిని కోర్టులో అంటించాక యజమాని చేసే అమ్మకం, సీపీసీ 64వ సెక్షన్ ప్రకారం, ఆ జప్తు కింద వసూలు కావలసిన బాకీకి అడ్డురాదు. దావా నడిచేటప్పుడే ఆర్డర్ 38 రూల్ 5 కింద జప్తు చేయించి ఉంటే, డిక్రీ వచ్చాక అమలు కోసం మళ్లీ జప్తు చేయించనక్కరలేదు. దావా కొట్టేస్తే మాత్రం ఆ జప్తు తొలగిపోతుంది, కాబట్టి ఓడి అప్పీలుకు వెళ్లిన వాది అక్కడ కొత్తగా అడగాలి. తీర్పుకు ముందు జప్తు తేలిగ్గా దొరకదు. హామీ లేని బాకీని హామీ ఉన్న బాకీగా మార్చుకోవడానికి దీన్ని వాడుకోరాదని రామన్ టెక్ కేసులో సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. అందుచేత అఫిడవిట్‌లో (ప్రమాణ పత్రంలో) అనుమానం రాస్తే చాలదు, ఎవరితో బేరం నడుస్తోందో, ఏ సామాను ఎక్కడికి తరలిస్తున్నాడో రాయాలి. బ్యాంకు ముందే తనఖా పట్టి ఉంటే దాని హక్కు ముందు నిలుస్తుంది, జప్తుకు ముందే రిజిస్టరైన అమ్మకపు అగ్రిమెంటుకూ 64వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అందుకే పిటిషన్ రాయించే ముందే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన తనఖాలు, అమ్మకాలు చూపే పత్రం) తీయించి చూసుకోవాలి.

డిక్రీ చేతిలో ఉన్నవారికి నా లెక్కలో అన్నిటికన్నా మేలైనది డిపాజిట్, అంటే డిక్రీ సొమ్మును అవతలివాడి చేత కోర్టులో కట్టించడం. ఆర్డర్ 41 రూల్ 5 ప్రకారం అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. సొమ్ము డిక్రీ మీద అప్పీలు వేసినవాడు కోర్టు ఇచ్చిన గడువులో ఆ మొత్తం కట్టాలి, లేదా పూచీకత్తు ఇవ్వాలి, ఇవ్వకపోతే అతడికి స్టే ఇవ్వరాదు. కోర్టులో పడిన డబ్బుకు తనఖా చిక్కులు ఉండవు, వేలం ఖర్చులూ ఉండవు. డబ్బుకు బదులు స్థలం పూచీ పెడతానంటే, ఒప్పుకునే ముందు దానికీ ఈసీ తీయించాలి.

ఇవన్నీ మన మాట వినిపించుకునే అవకాశం ఉంటేనే దక్కుతాయి. కనుక డిక్రీ రాగానే హైకోర్టులో సీపీసీ 148ఏ సెక్షన్ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందుగా వేసుకునే పిటిషన్) వేయాలి, ఏ షరతూ లేకుండా స్టే ఇచ్చేలోపు మనకు నోటీసు రావడానికి అదే దారి. దాని గడువు 90 రోజులు, ఈలోగా అప్పీలు రాకపోతే మళ్లీ వేసుకోవాలి.