‘రీస్టోర్ చేశాం’ అని అమ్మే పాత కిరోసిన్ దీపాలతో జాగ్రత్త

పాతకాలపు కిరోసిన్ దీపాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఇదొక హెచ్చరిక. ముఖ్యంగా ‘పూర్తిగా రీస్టోర్ చేశాం, కిరోసిన్ పోసి వెలిగించుకోవడమే’ అంటూ అమ్మే గుండ్రటి వత్తి దీపాల గురించి. నేను కొన్నది అలాంటిదే. ఫొటోల్లో ఇత్తడి తళతళలాడుతోంది. వెలుగుతున్నప్పుడు తీసిన చిన్న వీడియో కూడా పెట్టారు. తీరా చేతికొచ్చాక చూస్తే ట్యాంకు కారుతోంది, బర్నర్‌లో ఉండాల్సిన ముఖ్యమైన ముక్క ఇంకేదో దీపానిది, వత్తి అసలు నూలే కాదు. పైన పటారం, లోన లొటారం.

ఈ రకం దీపం ఎలా పనిచేస్తుందో తెలిస్తే గొడవ ఎక్కడుందో తేలిగ్గా అర్థమవుతుంది. వీటిని సెంటర్ డ్రాఫ్ట్ దీపాలంటారు. ట్యాంకు మధ్యలోంచి అడుగు నుంచి పైదాకా ఒక గొట్టం ఉంటుంది. దాని చుట్టూ వత్తి గుండ్రంగా కూర్చుంటుంది. దీపం అడుగు నుంచి ఆ గొట్టంలోకి ఎక్కిన గాలి మంటకు లోపలివైపు అందుతుంది. బయటివైపు గాలి బర్నర్ చుట్టూ ఉన్న సన్నటి చిల్లుల్లోంచి వస్తుంది. 1780లలో ఆర్గాండ్ దీపంతో మొదలైన పద్ధతే ఇది. గొట్టం నెత్తిన ఫ్లేమ్ స్ప్రెడర్ అనే చిల్లుల టోపీ ఒకటి కూర్చుని, లోపలి గాలిని నేరుగా పైకి పోనివ్వకుండా మంట మీదికి మళ్లిస్తుంది. పైన చిమ్నీ గాలిని లాగుతుంది. ఇవన్నీ కుదిరితేనే తెల్లటి, నిలకడైన వెలుగు. ఒక్కటి తేడా వచ్చినా పొగ, మసి, వాసన.

అసలు ప్రమాదం కారడంలో ఉంది. నా దీపంలో ఆ మధ్య గొట్టం ట్యాంకు అడుగుతో కలిసే అతుకు వదిలేసింది. దాన్ని మళ్లీ టంకం వేయించకుండా పైన ఏదో జిగురు పూసి, దాని మీద పాలిష్ కొట్టారు. కిరోసిన్ తగిలే చోట ఇంట్లో వాడే జిగుళ్లు నిలవవు. కొన్నాళ్లకు లేస్తాయి. ట్యాంకు పక్కనో పైనో కారితే కనీసం కంటికి కనిపిస్తుంది. ఇక్కడ కారితే కిరోసిన్ దీపం అడుగున, గాలి లోపలికి ఎక్కే దారిలోనే చేరుతుంది. ఆ దారి నేరుగా మంట దగ్గరికే. పీఠం కింద పరిచిన కాగితం మీద నూనె చార కనిపించగానే దీపం ఆర్పేసి ట్యాంకు ఖాళీ చేశాను.

అమ్మినాయనకు చెబితే, ‘నీళ్లు పోసి చూశామండీ, చుక్క కారలేదు’ అన్నాడు. అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ పరీక్షకు విలువ లేదు. కిరోసిన్ తలతన్యత, అంటే ద్రవం పైపొరను బిగించి ఉంచే గుణం, నీటిదాంట్లో దాదాపు మూడో వంతే. నీళ్లు ఆగే సన్నటి పగుల్లోంచి కూడా కిరోసిన్ పాక్కుంటూ బయటికొచ్చేస్తుంది. ట్యాంకులో కిరోసిన్ పోసి, బయట పొడిగా తుడిచి, తెల్ల కాగితం మీద ఒక రోజంతా ఉంచాలి. పరీక్ష అంటే అదీ.

తర్వాత స్ప్రెడర్ సంగతి. వత్తి ఎంత సరిచేసినా మంట పొడుగ్గా, ఎర్రగా లేచి పొగ కక్కుతోంది. కాస్త తగ్గిస్తే గుడ్డి దీపం. స్ప్రెడర్ తీసి చూస్తే గొట్టంలో వదులుగా ఆడుతోంది, ఎత్తు కూడా కుదరలేదు. వీటిలో ఒక కంపెనీ దీపానిది ఇంకో కంపెనీ దీపానికి సాధారణంగా పనికిరాదు. చిల్లుల వరస, ఎత్తు, గొట్టం కొలత అన్నీ ఆ దీపానికే లెక్కకట్టి చేసినవి. పాత దీపాల్లో ముందుగా పోయేదీ, దొరకడం కష్టమయ్యేదీ ఇదే. అందుకే ఏదో ఒకటి తగిలించి అమ్మేస్తారు. చిమ్నీ పెట్టి తీసిన ఫొటోలో అది కనిపించదు. ఇంకో మాట: వత్తి తిప్పే మర మీద ఉన్న పేరు చూసి దీపం ఫలానా కంపెనీది అని నిర్ణయించుకోకండి. అది బర్నర్ తయారుచేసినవాళ్ల పేరు. ట్యాంకు వేరేవాళ్లది అయ్యుండొచ్చు.

వత్తి కూడా తేడాయే. ఒక పోగు లాగి అంటిస్తే నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి నల్లటి గట్టి పూసలా మిగిలింది, అంటే నైలాన్ లాంటిదన్నమాట. అలాంటి వత్తి నూనె సరిగ్గా లాగదు, పైన గడ్డకట్టి మర తిప్పినా కదలదు. దీనికి తోడు బర్నర్ మీద మెరుపు కోసం వార్నిష్ కొట్టారు. అది వేడికి కాలి కంపు, పైగా గాలి చిల్లులు సగం దానితోనే పూడుకుపోయాయి. ట్యాంకుకు వార్నిష్ పెట్టుకుంటే మీ ఇష్టం. బర్నర్‌కు పెట్టినవాడికి దీపాల గురించి ఏమీ తెలియదనే నా అభిప్రాయం.

వాసన వస్తోందంటే ఆయన ఇచ్చిన సలహా: ‘కిరోసిన్ మానేసి లిక్విడ్ పారఫిన్ పోయండి, పొగ రాదు.’ దయచేసి ఇది వినకండి. అది కిరోసిన్ కంటే చిక్కగా ఉంటుంది. సన్నటి వత్తులకు సరిపోవచ్చు గానీ ఇంత పెద్ద గుండ్రటి వత్తికి పైదాకా అందదు. మంట క్రమంగా కుంగిపోయి నూనెకు బదులు వత్తే కాలుతుంది. రంగు నూనెలు, సెంటు నూనెలు వత్తిని పూడ్చేస్తాయి. పెట్రోలు, థిన్నర్ జోలికి అసలు పోకూడదు. కిరోసిన్ ఆవిరి అంటుకోవాలంటే దాదాపు 35-38 డిగ్రీల వేడైనా కావాలి. పెట్రోలుకు గడ్డకట్టే చలి కూడా ఎక్కువే.

ఇక వీడియో. కొన్ని సెకన్లే ఉంది, అందులోనూ మంట చిన్నగా ఉంది. ఈ దీపాలు వెలిగించిన మొదటి పది పదిహేను నిమిషాల్లో ఏ సంగతీ బయటపెట్టవు. బర్నర్ వేడెక్కేకొద్దీ వత్తి ఎగదోయకపోయినా మంట తనంతట తానే పెరుగుతుంది. మసి పట్టేదీ అప్పుడే. కాబట్టి ట్యాంకు నిండా కిరోసిన్‌తో, చిమ్నీ పెట్టి, గంటసేపు వెలిగాక తీసిన వీడియో అడగండి. చిమ్నీ తీసి పై నుంచి బర్నర్ ఫొటో, స్ప్రెడర్ విడిగా ఫొటో, దీపం బోర్లించి అడుగు ఫొటో కూడా. ‘అంత టైం లేదండీ’ అన్నారా, ఆ దీపం మీకొద్దు.

గాజు ట్యాంకు దీపాలు కొనేవాళ్లు మెడ దగ్గరి ఇత్తడి కాలర్ కాస్త ఊపి చూడమనండి. దాన్ని ప్లాస్టర్‌తో అతికిస్తారు, ఏళ్లు గడిస్తే వదులవుతుంది. ఒకప్పుడు కరెంటు దీపంగా మార్చినవాటిలో వైరు కోసం వేసిన చిల్లు పూడ్చి మళ్లీ కిరోసిన్ దీపంగా అమ్మడమూ ఉంది.

నా దీపం ఇప్పుడు వెలుగుతోంది, కానీ రీస్టోర్ పనంతా నేను చేయించుకున్నాకే. జిగురంతా గీకి, ఇత్తడికి మాట్లు వేసే పనిమంతుడి చేత అతుకు మళ్లీ వేయించాను. మీరు చేయించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఖాళీ ట్యాంకే కదా అని మంట చూపిస్తే లోపలున్న కిరోసిన్ ఆవిరి పేలొచ్చు. ముందు సబ్బు వేడినీళ్లతో పదేపదే కడిగి, బాగా ఆరబెట్టి, ఇందులో ఇంతకుముందు ఏముండేదో పనివాడికి చెప్పండి. బర్నర్‌ను చాకలి సోడా నీళ్లలో మరిగించి చిల్లులన్నీ బ్రష్‌తో తెరిచాను. ఆ దీపానికే సరిపోయే స్ప్రెడర్ దొరకడానికే ఎక్కువ కాలం పట్టింది. కొత్త నూలు వత్తిని వెలిగించే ముందు ఓ గంట నూనెలో నాననిచ్చాను. లేకపోతే మొదటి రోజే పైఅంచు మాడిపోతుంది.

డబ్బు వెనక్కి అడిగితే ‘ఒకసారి వెలిగించాక తీసుకోమండీ’ అన్నారు. వెలిగించకుండా ఇవన్నీ ఎలా తెలుస్తాయంటే జవాబు లేదు. చాలా మెసేజీల తర్వాత, ‘పోనీ కొత్త వత్తి ఒకటి ఉచితంగా పంపుతాం’ అన్నారు. వద్దన్నాను. అదీ ఆ నైలాన్‌దే అయ్యుంటుంది.