అమ్మ డల్లాస్ ప్రయాణానికి కొన్న కంప్రెషన్ సాక్స్: 5కి 4 స్టార్లు

డల్లాస్‌లో ఉన్న చెల్లి దగ్గరికి అమ్మని తీసుకెళ్దామని కొన్నాం ఇవి, కాళ్ళని బిగువుగా పట్టి ఉంచే సాక్స్. మోకాలి ఆపరేషన్ అయ్యి ఆరు నెలలే, హైదరాబాద్ నుంచి దోహాకి నాలుగున్నర గంటలు, అక్కణ్ణుంచి ఇంకో పదహారు గంటలు, అంతసేపు కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టొచ్చని డాక్టరుగారే రాసిచ్చారు. మోకాలి కిందదాకా వచ్చేవి, 15-20 ఎంఎంహెచ్‌జీ ప్రెషర్ (ఎంత బిగువో చెప్పే కొలత, బీపీకి వాడేదే). అమ్మేమో "నేనేమన్నా క్రికెట్ ఆడబోతున్నానా" అని ఒకటే గోల.

మొదట ఆన్‌లైన్‌లో ఫ్రీ సైజు అని ఉన్నవి తెప్పించా, అవి వేస్ట్. చీలమండ దగ్గర వదులు, పైన మోకాలి కింద మాత్రం రబ్బరు బ్యాండు వేసినట్టు అచ్చు పడిపోయింది, అసలు ఉండాల్సింది దానికి రివర్సు, చీలమండ దగ్గర ఎక్కువ బిగువుండి పైకి వెళ్ళేకొద్దీ తగ్గాలి. తర్వాత సర్జికల్ షాపుకి వెళ్తే ఆయన సాయంత్రం కొలత తియ్యను, కాళ్ళు వాచి ఉంటాయి, పొద్దున్నే రండి అని వెనక్కి పంపేశాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ ఆయనే కరెక్టు. చీలమండ, పిక్క రెండు చోట్లా టేపుతో కొలిచి మీడియం ఇచ్చాడు.

వేసుకోవడం మాత్రం పెద్ద యుద్ధమే. మెట్టెలు తట్టుకుని మొదటి రోజే ఒక దారం లేచింది, మెట్టెలు తియ్యనంటుంది కాబట్టి వేళ్ళు బయటికుండే మోడల్‌కి మార్చుకున్నాం. మడమ దాకా లోపల్నుంచి తిరగేసి, ముందు పాదం ఎక్కించి, ఆ తర్వాత మెల్లగా పైకి లాగాలి. మామూలు సాక్స్‌లాగా పైన పట్టుకుని గుంజితే రాదు.

పక్కింటి ఆంటీ రక్తం గడ్డకట్టకుండా ఒక ఆస్పిరిన్ వేసి ఫ్లైట్ ఎక్కించెయ్ అంది, డాక్టరుగారు ప్రయాణం కోసమని సొంతంగా అది వెయ్యొద్దన్నారు. సాక్స్ కూడా అందరికీ కాదు, షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళు, కాళ్ళకి రక్తం సరిగ్గా అందనివాళ్ళు అడక్కుండా వేసుకోకూడదట, అమ్మకి పాదం మీద నాడి చూశాకే రాసిచ్చారు.

సాక్స్ వేశాం కదా అని కూర్చోబెట్టేస్తే లాభం లేదు, పిక్క కదిలితేనే రక్తం పైకి ఎక్కేది. బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళే తాగదు మా అమ్మ, అందుకే నడవ పక్క సీటు తీసుకున్నా. గంటకోసారి లేపి వెనక్కి నడిపిస్తే అక్కడ ఇంకో ఇద్దరు తెలుగు అమ్మలు నిలబడి ఉన్నారు, ఇక ఈవిడని సీట్లోకి తేవడమే కష్టమైంది. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే బస్సులో అయినా రైల్లో అయినా గడ్డకట్టే రిస్క్ దాదాపు రెట్టింపేనట, అయినా 6000 మందిలో ఒకరికి వచ్చేదే అని 2007లో డబ్ల్యూహెచ్ఓ చెప్పింది. ఆపరేషన్ అయినవాళ్ళకి, ఇంతకుముందు గడ్డ వచ్చినవాళ్ళకి, గర్భిణీలకి, హార్మోన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి ఇంకా ఎక్కువ.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, పై అంచు నిద్రలో చుట్టుకుపోయి తాడులా బిగుస్తోంది, రెండుసార్లు నేనే సరిచేశా. లేకపోతే ఫుల్ ఇచ్చేదాన్ని.

డల్లాస్‌లో దిగేసరికి అమ్మ కాళ్ళు మామూలుగానే ఉన్నాయి, నా కాళ్ళే రెండూ వాచి షూ పట్టలేదు. రెండూ సమంగా వాచి మర్నాటికి తగ్గితే పర్లేదు గానీ, ఒక్క కాలే వాచి నొప్పి, వేడి ఉన్నా, ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే హాస్పిటల్‌కే, ప్రయాణం అయిన కొన్ని వారాల దాకా కూడా. రిటర్న్‌కి నాక్కూడా ఒక జత తెప్పించా, పొద్దున్నే కొలుచుకుని.