ఈత కొలను పూడ్చేయాలా, పూర్తిగా తవ్వి తీసేయాలా: ఏది మేలు?

రాత్రంతా వాన కురిసి తెరిపిచ్చిన మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్తే గడ్డి మధ్యలో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లకు ఒక ఆకారం ఉంది. అంతకు రెండేళ్ల ముందు మేం పూడ్పించిన ఈత కొలను ఆకారమే అది. నాలుగు మూలలు, మెట్లున్న వైపు గుండ్రటి అంచు, అన్నీ గీత గీసినట్టు కనిపిస్తున్నాయి. కర్ర దించి చూస్తే లోతున్న వైపు జానెడుకు కాస్త తక్కువగా కుంగింది.

పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక ఆ కొలనులో దిగేవాళ్లు లేరు. మనవరాలు పాకడం మొదలుపెట్టాక ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరి చూపు పక్కకు మళ్లినా భయమే. అందుకే తొందరపడి, అందరికంటే తక్కువ చెప్పిన కాంట్రాక్టర్‌కి పని అప్పగించాం. రెండు రోజుల్లో టిప్పర్ల మీద టిప్పర్లు మట్టి కుమ్మరించి, పైన జేసీబీ బకెట్‌తో నాలుగు దెబ్బలు కొట్టి వెళ్లిపోయారు. ఆ మట్టంతా మళ్లీ తవ్వించి, సరిగ్గా నింపించేసరికి మొదట్లో మిగిలిందనుకున్నది మొత్తం పోగా పైన ఇంకొంత అయింది. ఇప్పుడు ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లు ఆ దెబ్బ తినకూడదని ఇది రాస్తున్నాను.

ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, పాక్షికంగా పగలగొట్టి పూడ్చడం. గోడల పైభాగం రెండు మూడు అడుగుల మేర కొట్టేసి, అడుగున బొక్కలు పెట్టి, ఆ పగిలిన కాంక్రీటునే గుంటలో వేసి, పైన మట్టి నింపుతారు. కొలను తొట్టిలో ఎక్కువ భాగం భూమిలోనే ఉండిపోతుంది. రెండోది, మొత్తం తొలగించడం. గోడలు, అడుగు, లోపలి ఇనుము, పైపులు అన్నీ పెకిలించి బయటికి తోలేసి, ఆ గుంటను కొత్త మట్టితో పొరలుగా దట్టించి నింపడం.

చాలా చోట్ల రెండోదానికి మొదటిదాని కన్నా సుమారు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి అడుగుతారు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే కొటేషన్ చూసినప్పుడు ఎవరు సబబుగా చెబుతున్నారో, ఎవరు ఏదో వదిలేసి చెబుతున్నారో మనకే తెలిసిపోతుంది. ఊరిని బట్టి రేట్లు మారతాయి గానీ ఘనపరిమాణం లెక్క మారదు.

10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతున్న కాంక్రీటు కొలను తీసుకుందాం. లోపలి ఖాళీ 75 ఘన మీటర్లు, అంటే 75,000 లీటర్ల నీళ్లు. అడుగు భాగం 50 చదరపు మీటర్లు, చుట్టూ గోడలు 45. కాంక్రీటు మందం 18 సెంటీమీటర్లు అనుకుంటే 17 ఘన మీటర్లు తేలుతుంది. ఘన మీటరు కాంక్రీటు దాదాపు 2.4 టన్నులు తూగుతుంది కాబట్టి ఆ తొట్టి మొత్తం బరువు 40 టన్నుల పైమాటే.

పాక్షికంగా చేస్తే ఇందులో పగలగొట్టేది సుమారు 4 ఘన మీటర్లు. అది కూడా గుంటలోకే పోతుంది, బయటికి తోలే పని లేదు. మొత్తం తీసేస్తే బ్రేకర్ పని నాలుగింతలు. 40 టన్నుల శిథిలాలకు లారీ బాడుగ, వాటిని పారబోసే చోట కట్టాల్సిన చార్జీ అదనం. ఆ పైన, తీసేసిన కాంక్రీటు స్థానంలో కూడా మట్టి పోయాలి. వదులు మట్టిని దట్టిస్తే దిగుతుంది కాబట్టి కనీసం పావు వంతు ఎక్కువ తెప్పించాలి. 10 ఘన మీటర్ల టిప్పర్‌తో లెక్కేస్తే పాక్షిక పనికి 9 లోడ్లు వస్తాయి. పూర్తి పనికి మట్టి 12 లోడ్లు రావాలి, శిథిలాలు 3 లోడ్లు పోవాలి.

ఈ లెక్కనంతా తలకిందులు చేసేది ఒకటుంది: దారి. ఇంటి పక్క సందులో నుంచి యంత్రం వెనక్కి వెళ్తుందా లేదా? మీటరు వెడల్పు ఉంటే చిన్న ఎక్స్‌కవేటర్ దూరుతుంది, కానీ టిప్పర్ దూరదు. అప్పుడు మట్టి అంతా ఇంటి ముందు పోసి, చిన్న బండ్లతో వెనక్కి మోయాలి. అది కూడా వీలు కాకపోతే మనుషులే. తొంభై నూరు ఘన మీటర్ల మట్టిని తట్టలతో మోయడమంటే ఎన్ని రోజుల కూలీయో ఊహించుకోండి. అలాంటి చోట ఒక వైపు ప్రహరీ గోడ పడగొట్టి, పని అయ్యాక మళ్లీ కట్టించుకోవడమే చవకవుతుంది. కొటేషన్ అడిగే ముందు టేపు పట్టుకుని ఆ సందును కొలిచి పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పే ఏ అంకెకూ దారి చూడకుండా విలువ లేదు.

ఇక మట్టి దట్టించడం. మా ఇంట్లో తప్పు జరిగింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. రెండు మీటర్ల లోతున కుమ్మరించిన వదులు మట్టి తన బరువుకు తానే దిగుతుంది, వాన పడ్డ ప్రతిసారీ ఇంకాస్త దిగుతుంది. పదో వంతు దిగినా అది 20 సెంటీమీటర్ల పల్లం. అలా కాకుండా ఉండాలంటే 20 నుంచి 30 సెంటీమీటర్ల మందాన ఒక పొర పరచాలి, దాన్ని ప్లేట్ కాంపాక్టర్‌తోనో రోలర్‌తోనో గట్టిపడే దాకా అణచాలి, ఆ తర్వాతే పై పొర వేయాలి. మట్టిలో తేమ సరిగ్గా ఉండాలి. రెండోసారి పనికి వచ్చిన మేస్త్రీ ప్రతి లోడు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో పిసికేవాడు. అరచెయ్యి తెరిస్తే ముద్ద నిలవాలి, వేలితో నొక్కితే రెండుగా విరగాలి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చల్లించేవాడు. వేళ్ల సందుల్లోంచి తడి ఊరితే ఆ లోడును పక్కన ఆరబెట్టించేవాడు. ఆయన అలా చేస్తుంటే మొదటి కాంట్రాక్టర్ ఏమేం చేయలేదో ఒక్కొక్కటీ నాకు అర్థమవుతూ వచ్చింది.

పైన గది కట్టాలంటే ఈ చేతి పరీక్ష చాలదు. ఎంత గట్టిపడిందో ప్రయోగశాల లెక్కతో పోల్చి చూడాలి. మట్టి ఆనకట్టల కోసం రాల్ఫ్ ప్రాక్టర్ అనే ఇంజనీరు 1933లో ప్రకటించిన పరీక్ష పేరుతోనే ఇప్పటికీ ఆ లెక్క చెబుతారు. కట్టడాల కింద సాధారణంగా ఆ పరీక్షలో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం అడుగుతారు. పూర్తిగా తొలగించి నింపే పనిలో ఇంజనీరు ఫీజు, పరీక్షల ఖర్చు కలిసి ఉంటాయి. అది దండగ అనుకోకండి. ఆ కాగితం ఉంటేనే రేపు అక్కడ పునాది తీయడానికి ఎవరైనా ఒప్పుకునేది.

మట్టిలో ఏం కలుస్తోందో కూడా దగ్గరుండి చూసుకోవాలి. కొమ్మలు, చెక్కలు, పాత తలుపులు గుంటలోకి తోసేస్తే అవి కుళ్లి లోపల ఖాళీలు ఏర్పడతాయి, చెదలు పడతాయి. కాంక్రీటు ముక్కలు కూడా తలకాయంత కన్నా పెద్దవి ఉండకూడదు. పెద్ద పలకలు అడ్డం పడితే వాటి కింద గుల్లగా ఉండిపోయి, ఏళ్ల తర్వాత పైమట్టి అందులోకి జారుతుంది. శిథిలాల పొర మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపేది) పరిచి ఆపైన మట్టి వేస్తే ఆ జారుడు ఆగుతుంది. మొత్తం పనిలో ఆ గుడ్డ ఖర్చు చాలా స్వల్పం.

నీళ్ల సంగతి కూడా అంతే ముఖ్యం. అడుగున బొక్కలు పెట్టకుండా మట్టి నింపితే అది భూమిలో పాతిన కుండీ అవుతుంది. వాన నీరంతా అందులో చేరి పైకి బురదగా ఊరుతుంది. లోతైన వైపు 12 అంగుళాల వెడల్పు బొక్కలు నాలుగైదు, మిగతా అడుగంతా అక్కడక్కడా పగుళ్లు ఉండాలి. చేశారో లేదో తెలుసుకోవడం తేలిక. మట్టి వేయకముందు సాయంత్రం గొట్టం పెట్టి కొన్ని నీళ్లు వదలండి, మర్నాటికి ఇంకిపోతే సరే. నల్లరేగడి లాంటి బిగువైన నేలలో నెమ్మదిగా ఇంకుతాయి, అక్కడ అడుగున కంకర పొర తప్పనిసరి. బొక్కలు పెట్టిన ఫొటోలు తీయకుండా మాత్రం మట్టి పోయనివ్వకండి.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. నీళ్లు తోడేసిన కొలను ఖాళీ పడవ లాంటిది. పైన చెప్పుకున్న తొట్టి బరువు 40 టన్నులు. చుట్టూ భూగర్భ జలం అంచు దాకా పెరిగితే అది తొట్టిని పైకి నెట్టే బలం 90 టన్నుల దాకా ఉంటుంది. కాంక్రీటు పగిలి, తొట్టి లేచి, పక్కనున్న గచ్చునూ పైపులనూ పీకేస్తుంది. కాబట్టి వానాకాలంలో నీళ్లు తోడేసి వారాల తరబడి వదిలేయకూడదు. ఎండాకాలం చివర్లో, నీటి మట్టం బాగా దిగి ఉన్నప్పుడు తోడడం, తోడిన వెంటనే అడుగు పగలగొట్టడం క్షేమం. తోడే ముందు కొన్ని రోజులు క్లోరిన్ కలపడం ఆపేస్తే ఎండకే అది చాలావరకు పోతుంది. ఉప్పు నీటి కొలనైతే ఆ నీళ్లు మొక్కలకు పెట్టకండి.

వినైల్ షీటు వేసిన కొలను అయితే పని తేలిక, కానీ ఆ షీటును పూర్తిగా లాగేయాలి. ఫైబర్ గ్లాస్ తొట్టిని ముక్కలుగా కోసి తీసేయడం కాంక్రీటు పగలగొట్టడం కన్నా చాలా సులువు, అందుకే దాంట్లో పూర్తి తొలగింపుకీ పాక్షికానికీ తేడా తక్కువ. అలాంటప్పుడు పాక్షికం గురించి ఆలోచించడమే అనవసరం. కరెంటు లైను, గ్యాసు హీటరు ఉంటే దాని లైను, ముందే అర్హత ఉన్నవాళ్లతో విడగొట్టించాలి. ఇది కొటేషన్‌లో ఉందో లేదో చూడండి, తరచూ ఉండదు.

ఈ రెండూ కాకుండా మూడో దారి ఒకటుంది: కొలనును ఉంచేసి వేరే పనికి వాడుకోవడం. పైన గట్టి డెక్ వేసి మూసేయొచ్చు, లేదా స్లాబు వేసి వాన నీటి తొట్టిగా మార్చొచ్చు. 75,000 లీటర్ల తొట్టి కొత్తగా కట్టించాలంటే ఎంతవుతుందో ఆలోచిస్తే ఇది నాకు చాలా నచ్చే దారి. 150 చదరపు మీటర్ల డాబా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోగా 12,000 లీటర్లు చేరతాయి. తోటకు నీళ్ల కొరత ఉన్న ఇంటికి ఇది వరం. కాకపోతే తొట్టి పగుళ్లు లేకుండా ఉండాలి, మూత పిల్లలు ఎత్తలేనంత గట్టిగా, దోమ దూరనంత బిగువుగా ఉండాలి. పగుళ్లున్న కొలను అయితే ఈ మాట మర్చిపోండి.

ఏమీ చేయకుండా వదిలేస్తే ఖర్చు ఆగుతుందనుకుంటారు. ఒక హార్స్ పవర్ పంపు రోజుకు 8 గంటలు తిరిగితే తక్కువలో తక్కువ 6 యూనిట్లు, నెలకు 180. ఎండకు రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైనా 250 లీటర్లు పోసుకోవాలి. పంపు ఆపేస్తే వారం పది రోజుల్లో దోమలు పుట్టుకొస్తాయి, పచ్చటి నీళ్ల అడుగున ఏముందో కనిపించదు. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అలాంటి కొలనును ఒక్క రోజు కూడా ఉంచకూడదని నా గట్టి నమ్మకం. నిర్ణయం తేలే దాకా కనీసం చుట్టూ కంచె, తాళం వేసే గేటు పెట్టించండి.

ఇక ఏది మేలు? అక్కడ గడ్డి, పూల మొక్కలు, పిల్లలు ఆడుకునే చోటు చాలనుకుంటే, ఈ ఇంట్లోనే చాలా కాలం ఉండబోతుంటే పాక్షికంగా పూడ్చడమే మంచిది. పూర్తిగా తీయించడానికి పెట్టే డబ్బుకు అక్కడ ఫలితం కనిపించదు. పెద్ద చెట్లు మాత్రం నాటకండి, వేళ్లు కాంక్రీటుకు తగులుతాయి. అక్కడ గది, షెడ్డు, కారు నిలిపే గచ్చు, ఏదైనా సరే బరువున్నది వచ్చే అవకాశం ఉంటే పూర్తిగా తీసేయించండి. ఇప్పుడు పాక్షికంగా పూడ్చి, అయిదేళ్లకు మళ్లీ తవ్వించి తీయించడమంత నష్టం ఇంకోటి లేదు. ఇల్లు అమ్మే ఉద్దేశం ఉన్నా పూర్తి తొలగింపే నయం. భూమిలో తొట్టి మిగిలిందని కొనేవాళ్లకు చెప్పి తీరాలి, చెప్పగానే వాళ్లు బేరం మొదలుపెడతారు. చాలా నగరాల్లో ఈ పనికి ముందస్తు అనుమతి కావాలి, కొన్నిచోట్ల పాక్షిక పూడికను అసలు ఒప్పుకోరు. కాబట్టి మీ స్థానిక కార్యాలయంలో ఈ ఒక్క సంగతి కనుక్కున్నాకే కాంట్రాక్టర్లను పిలవండి.

పిలిచాక ధర కన్నా ముందు మూడు సంగతులు అడగండి. ఎన్ని సెంటీమీటర్ల పొరకు ఒకసారి దట్టిస్తారు? అడుగున ఎన్ని బొక్కలు, ఎక్కడెక్కడ? శిథిలాలు ఎక్కడికి పోతాయి? వీటికి తడుముకోకుండా చెప్పి, అదే కొటేషన్‌లో రాసి సంతకం పెట్టే మనిషి కాస్త ఎక్కువ అడిగినా ఆయనకే ఇవ్వండి. మేం రెండోసారి ఇచ్చింది అలాంటి మనిషికే. ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి, పెరట్లో నీళ్లు నిలవలేదు. మనవరాలు అక్కడే సైకిల్ నేర్చుకుంటోంది.