తాత నాటిన తీగలా, కొత్త తోటా?

ఫ్రాన్స్‌లో లువార్ నది పక్కన వూవ్రే ఊళ్లో ద్రాక్ష అంటే షెనిన్ బ్లాన్. సేంద్రియంగా తెల్ల వైన్ చేసే కుటుంబానికి అక్కడ రెండు దారులు: తాత నాటిన తీగలు ఉంచుకోవడం, లేదా పీకేసి కొత్తవి పెట్టడం.

కొత్తవైతే మూడో ఏడు దాకా చెప్పుకోదగ్గ కాపు రాదు. ఆ తర్వాత గుత్తులు దండిగా దిగుతాయి, వరుసల మధ్య ట్రాక్టర్ సాఫీగా తిరుగుతుంది.

ముసలి తీగ కాపు తక్కువే. మొదలు మెలి తిరిగి, బెరడు పోగులు పోగులుగా ఊడుతుంటుంది. చచ్చినవాటి చోట ఖాళీలు. కానీ వేరు లోతుకు దిగి ఉంటుంది కాబట్టి ఎండల ఏడాది తట్టుకుంటుంది. నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

బూజు తెగులు దగ్గర మాత్రం రెండిటిదీ ఒకటే కష్టం. వాడేది మన రైతులకూ తెలిసిన బోర్డో మిశ్రమం, అదే మైలుతుత్తం, సున్నం. వాన కడిగేస్తే మళ్లీ కొట్టాలి. ఐరోపా సేంద్రియ నిబంధన ప్రకారం మైలుతుత్తంలో ఉండే రాగి ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలు దాటకూడదు.

కొనేవాళ్లకు ఒక మాట: సీసా మీద ‘వియే వీన్య్’, అంటే ముసలి తీగలు, అని రాయడానికి ఫ్రాన్స్ చట్టంలో వయసు లెక్క లేదు. ఎన్నేళ్లవో అడగండి.

నేనైతే పాతవి ఉంచి, ఖాళీల్లోనే కొత్త మొక్కలు పెట్టమంటాను.