టెస్ట్ చేసే ఆబ్జెక్టు మీదే స్టబ్: ఆర్‌స్పెక్‌లో చాలాకాలం వాడాక

ఆర్డర్ టోటల్ 1000 దాటితే షిప్పింగ్ ఉచితం అనే మెథడ్‌ను టెస్ట్ చేయాలి. ఐటమ్‌లు, పన్నులు, డిస్కౌంట్లు అన్నీ పేర్చే బదులు రూబీ టెస్టింగ్ సాధనం ఆర్‌స్పెక్‌లో అలౌ, రిసీవ్, అండ్_రిటర్న్ కలిపి ఒక్క లైను రాస్తే టోటల్ 999 అయిపోతుంది. అసలు మెథడ్ బదులు ఇలా నకిలీ జవాబు పెట్టడమే స్టబ్. సెటప్ తగ్గే మాట నిజమే. అయినా స్టోర్ చేసే అట్రిబ్యూట్లకు దీన్ని వాడొద్దనే చెబుతాను.

ఆర్‌స్పెక్ చేసేదల్లా ఆ ఒక్క ఆబ్జెక్టుకే సొంతమైన సింగిల్టన్ క్లాసులో అదే పేరుతో ఇంకో మెథడ్ పెట్టడం. లోపలి కోడ్ టోటల్ అని రీడర్ మెథడ్‌ను పిలిస్తే 999 వస్తుంది. @టోటల్ అని ఇన్‌స్టన్స్ వేరియబుల్‌నే నేరుగా చదివితే స్టబ్ ఊసే ఉండదు. ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే ఇనిషియలైజ్‌లోనే లెక్కకట్టి దాచుకున్న విలువలూ అంతే, స్టబ్ పెట్టేసరికి ఆ లెక్క ముగిసిపోయి ఉంటుంది.

అసలు తలనొప్పి రెయిల్స్‌లో డేటాబేస్ పని చూసే యాక్టివ్ రికార్డ్‌తో. స్టేటస్‌ను పెయిడ్ అని స్టబ్ చేస్తే ఆర్డర్.స్టేటస్ పెయిడ్ అంటుంది, ఆర్డర్[:స్టేటస్] మాత్రం పాతదే చూపిస్తుంది. ఈనమ్ (నిర్ణీత విలువల జాబితా) తయారుచేసిన పెయిడ్? మెథడ్ కూడా స్టబ్‌ను పట్టించుకోదు. సేవ్ చేస్తే డేటాబేస్‌లోకి వెళ్లేదీ పాత విలువే. ఫైండ్‌తో మళ్లీ తెస్తే వచ్చేది వేరే ఆబ్జెక్టు, దానికి స్టబ్ ఉండదు. ఇక్కడ ఆర్డర్.న్యూకి స్టేటస్ ఇచ్చేస్తే సరిపోతుంది, సేవ్ కూడా అక్కర్లేదు.

ఆర్‌స్పెక్ సెట్టింగుల్లో వెరిఫై_పార్షియల్_డబుల్స్‌ను ట్రూ చేయకుండా ఈ పనికి దిగకండి. అది లేకపోతే లేని మెథడ్‌నూ ఆర్‌స్పెక్ మారుమాట్లాడకుండా స్టబ్ చేస్తుంది. కాలమ్ తీసేసినా టెస్ట్ పచ్చగానే ఉంటుంది, ప్రొడక్షన్‌లో నోమెథడ్‌ఎర్రర్ వస్తుంది.

రూబీ 3.2లో వచ్చిన డేటా ఆబ్జెక్టులు ఫ్రోజెన్ (మార్చడానికి వీల్లేనివి) కాబట్టి వాటిని స్టబ్ చేయబోతే ఎర్రరే. పోనీలెండి, విత్ అని పిలిస్తే కావలసిన ఫీల్డు మార్చిన కొత్త ఆబ్జెక్టు చేతికొస్తుంది.

రూబీలో మరో టెస్టింగ్ సాధనమైన మినీటెస్ట్‌లో స్టబ్ బ్లాకు లోపలే పనిచేస్తుంది. నకిలీ విలువ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో కళ్లకు కనబడుతుంది కనుక నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

కన్‌స్ట్రక్టర్‌ను ముట్టుకోలేని పాత క్లాసులో, నెట్‌వర్క్ నుంచి విలువ తెచ్చే మెథడ్ ఒకటి ఉంటే దాన్ని స్టబ్ చేయడం సబబే. అప్పుడు కూడా ఆ మెథడ్‌కు స్టబ్ లేని టెస్ట్ ఒకటి విడిగా ఉండాలి. కోడ్ పద్ధతులు తనిఖీ చేసే రూబోకాప్‌కు ఆర్‌స్పెక్ ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న సబ్జెక్ట్‌స్టబ్ నియమం (టెస్ట్ చేసే ఆబ్జెక్టును స్టబ్ చేస్తే పట్టుకునేది) అడ్డుపడితే ఆ ఒక్క లైనుకే కారణం రాసి ఆపండి. ఆబ్జెక్టును లోకల్ వేరియబుల్‌లోకి మార్చి దాని కన్ను కప్పేవాళ్లున్నారు, అలా చేస్తే తర్వాత చదివేవారికి అక్కడ స్టబ్ ఎందుకుందో తెలియదు.